తడిపిన పత్తి

మంగళవారం రాత్రి

నకిలీ పత్తి విత్తనాలు అమ్మినందుకు పొద్దున తమ్ముణ్ని పోలీసులు పట్టుకుపోయారు. స్టేషన్‌లో బాపు వాడి ముందు నిలబడి ఏడ్చాడు. "గీ దొంగబుద్ధి నీకెవలు నేర్పిండ్రురా?" అన్నాడు.

నాకు మా చిన్నప్పటి వాకిలి గుర్తొచ్చింది. జమ్మికుంట మార్కెట్ యార్డుకు పోయే ముందు, ఎక్కువ తూగాలని బాపు మాతో పత్తి మీద నీళ్లు చల్లించేవాడు. ఆ తడి కనబడకుండా పైన పొడి పత్తి పరవడం తమ్ముడికే బాగా వచ్చేది. "నా కొడుకు మస్తు హుషారు" అని బాపు వాణ్ని భుజాల మీద ఎక్కించుకునేవాడు. వాడు ఆ భుజాల కోసమే... ఏమో.

సాయంత్రం ఇంటికి రాగానే బాపు కళ్లు తుడుచుకుని నా కూతుర్ని పిలిచాడు. "రేపు పత్తి అమ్మాలె. జర బకెట్ల నీళ్లు తే బిడ్డా."

వద్దని నేను నోరు తెరిచేలోపే అది సంబరంగా ఉరికింది, అచ్చం తమ్ముడిలాగే.