జూడీ గారి పెట్టెలో పిచ్చుకలు

ట్రాయ్, మిచిగన్
ఆదివారం

అన్నయ్యకు,

చెల్లెలు సుభద్ర నమస్కారాలు. నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. కంగారు పడకు, నిజంగా బాగానే ఉన్నాం. బాగోలేనిది మనసే. ఫోన్‌లో చెబుదామంటే వదిన స్పీకర్ పెడుతుంది, వీధి చివర కిళ్ళీ కొట్టు దాకా వినబడుతుంది. ఇది నీకొక్కడికే చెప్పాలి, అందుకే కాగితం తీశాను.

పది రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. కంచం ముందు కూర్చుని, రెండు మెతుకులు కెలికి లేచిపోతున్నాను. మీ బావగారు విశేషమేమోనని లోలోపల ఆశపడుతున్నారు కూడా. అదేం కాదు. నాకు పట్టుకున్నది రోత. పిచ్చుకల మీద రోత, మనుషుల మీద రోత, అందరికంటే ఎక్కువ నా మీద నాకే.

మొదటి నుంచి చెబుతాను. ఈ ఇంట్లో చలికాలం ఎలా గడిపానో నీకు తెలుసు. మీ బావగారు ఏడింటికి ఆఫీస్‌కి పోతే మళ్ళీ ఏడింటికే రావడం. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు. బయట మంచు, లోపల నేను. మార్చి నెలాఖరున ఒక పొద్దున వంటింటి వెనక కిచకిచలు వినబడ్డాయి. తలుపు తీసి చూద్దును కదా, పిచ్చుకలు. మన ఊళ్ళోనే ఈ మధ్య కనబడటం మానేసిన పిచ్చుకలు! అదే బూడిద రంగు నెత్తి, అదే గొంతు కింద నల్లమచ్చ. ఏడ్చినంత పని చేశాను. అప్పుడే కదా నీకు ఫోన్ చేసి మన చూరుకి పిచ్చుకల కోసం కట్టేలాంటి వరికంకుల కుచ్చు అల్లి పంపమన్నది. పద్మ పిన్ని దాన్ని సూట్‌కేసులో చీరల మధ్య దాచి తెచ్చింది. ఎయిర్‌పోర్ట్‌లో ఎవరూ చూడకపోవడం మా అదృష్టమనుకున్నాం. ఇంటి వెనక చెక్క అరుగు ఉంటుంది, డెక్ అంటారు, దాని మీద వేలాడదీశాను. రోజూ గుప్పెడు నూకలు కూడా చల్లేదాన్ని.

ఇక పక్కింటి జూడీ గారు. డెబ్బై దాటిన మనిషి, స్కూల్లో నర్సుగా చేసి రిటైరయింది. భర్త పోయి రెండేళ్ళు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. మీ బావగారు పక్కన కూర్చుంటే అరుస్తారు, ఆవిడ అరవదు. ఈ వీధిలో పగలంతా నాతో మాట్లాడే మనిషి ఆవిడ ఒక్కతే. రెండు పెరళ్ళ మధ్య గుంజ మీద ఒక చెక్కపెట్టె ఉంది, భర్త చేత్తో చేసినది. అందులో బ్లూబర్డ్ అనే పిట్ట గూడు పెట్టుకుంది. వీపు ఆకాశం రంగు, రొమ్ము ఇటుక రంగు. మొన్నామధ్య పెట్టె తలుపు తీసి నాలుగు పిల్లల్ని చూపించింది. అప్పటికింకా కళ్ళు తెరవలేదు.

ఆ రోజే ఒక మాట చెప్పింది. ఇంగ్లిష్ స్పారోస్‌కి మాత్రం గింజలు వేయవద్దు, వాటిని ఎప్పుడో ఇంగ్లండ్ నుంచి తెచ్చి వదిలారు, పెట్టెల్లో దూరి ఈ పిట్టల్ని చంపేస్తాయి అని.

నేను గట్టిగా తల ఊపాను. అబద్ధం ఆడలేదు అన్నయ్యా. ఇంగ్లిష్ స్పారో అంటే తెల్లవాళ్ళ పిట్ట ఏదో వేరే ఉంటుందనుకున్నాను, ఎర్రగానో పొడుగ్గానో. నావి మన పిచ్చుకలు కదా. మన చూరులో పుట్టి మన నూకలు తిన్న పిట్టకి ఇంగ్లిష్ వాడి పేరుంటుందని నాకెలా తోస్తుంది? పైగా ఆ దొంగపిట్ట కనబడితే నేనే తరిమేస్తానని మాటిచ్చాను. ఇచ్చి, ఇంటికొచ్చి, నా పిచ్చుకలకి రెండు గుప్పెళ్ళు ఎక్కువ వేశాను.

పది రోజుల కిందట పొద్దున్నే జూడీ గారు పిలిచింది. వెళ్ళేసరికి పెట్టె తలుపు తీసి నిలబడి ఉంది. ముందు వాసన కొట్టింది. లోపల గడ్డి, ఈకలు, ప్లాస్టిక్ ముక్కలు కుక్కి ఉన్నాయి. ఆవిడ వాటిని వేలితో పక్కకు లాగింది. కింద తల్లి పిట్ట. నెత్తిన తోలు లేదు, పొడిచి పొడిచి ఎముక తేల్చేశాయి. కళ్ళ చోట చీమలు. దాని కింద నాలుగు పిల్లలూ నలిగిపోయి ఉన్నాయి. శవాల మీద గూడు కట్టుకున్నాయి అన్నయ్యా, ఛీ. ఆ గడ్డి మధ్యలో వరిగడ్డి, నువ్వు వేసిన ముడితో సహా. ట్రాయ్‌లో వరి ఎక్కడ పండుతుంది?

జూడీ గారు ఆ ముడిని చూసింది, మా డెక్ వైపు చూసింది.

"వీటిని నువ్వు మేపుతున్నావా?" అని అడిగింది.

"ఇవి ఇంగ్లిష్ స్పారోస్ కావు. ఇవి మావి, ఇండియావి," అన్నాను.

ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆవిడ కోప్పడలేదు. ఇంగ్లిష్ స్పారో అంటే ఇదేనని మాత్రం చెప్పి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత కారు దగ్గర ఎదురుపడినా పలకరించలేదు. రెండు రోజుల పాటు మగ బ్లూబర్డ్ నోట్లో పురుగు పట్టుకుని వచ్చి ఆ పెట్టె మీద కూర్చునేది. చాలాసేపు చూసి, పురుగుతోనే ఎగిరిపోయేది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని.

వారం కిందటి శనివారం, ఇక్కడి తెలుగువాళ్ళం తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో మీ బావగారు ఇదంతా జోక్‌లా చెప్పారు. అందరూ నవ్వారు. ఒకావిడ మన పిచ్చుకలన్నా వీళ్ళకి పడదు, అంతా రేసిజం, లైట్ తీసుకో అంటూ నా ప్లేట్‌లో ఇంకో గారె వేసింది. నన్ను వెనకేసుకొచ్చిందట! చంపింది పిచ్చుక, మేపింది నేను, మధ్యలో ఆ ముసలావిడదేం తప్పు? ఆ గారెను ముట్టకుండా ప్లేట్‌తో సహా చెత్తబుట్టలో పడేశాను.

నిన్న మధ్యాహ్నం జూడీ గారే వచ్చి తలుపు తట్టింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఏదో టపటపా కొట్టుకుంటోంది. మగ బ్లూబర్డ్ కొత్త జోడీని తెచ్చుకుందట. పిచ్చుకేమో పెట్టె వదలడం లేదట. ట్రాప్ పెడితే పడింది. వదిలేస్తే మళ్ళీ అక్కడికే పోతుంది. ఇలా పడినవాటిని చంపే పని ఎప్పుడూ భర్త చేసేవాడట. ఆవిడ వేళ్ళు కీళ్ళ నొప్పులతో వంకరపోయి ఉన్నాయి.

"నా చేతుల్లో బలం లేదు. సగంలో వదిలేస్తే దానికి నరకం," అంది. "నువ్వు కాదంటే ఏమీ అనుకోను."

పిచ్చుకలకి కుచ్చులు కట్టే ఇంట్లో పుట్టాను. సంచిలో చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. దాని గుండె నా వేళ్ళ మధ్య కొట్టుకుంటోంది. మెడ విరిచాను. పుల్ల విరిగినంత చప్పుడు కూడా రాలేదు. జూడీ గారు నా మణికట్టు పట్టుకుని వాళ్ళింట్లో సింక్ దగ్గరికి తీసుకెళ్ళి, తానే సబ్బుతో నా చేతులు కడిగింది. తర్వాత టీ పెట్టింది. ఆవిడ తాగింది, నేను కప్పు పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చి నిమ్మచెక్కతో రుద్దాను, పసుపుతో రుద్దాను. ఆ వెచ్చదనం పోలేదు. ఇంకొకటి పడితే ఆవిడ మళ్ళీ వస్తుంది. నేను మళ్ళీ చేస్తాను, తప్పదు, తెచ్చిపెట్టింది నేనే. అది తెలిసే నాకు నా మీద ఇంత అసహ్యం.

ఇంకెప్పుడూ కుచ్చులు పంపకు. కందిపొడి అయిపోయింది, ఎవరైనా వస్తుంటే చూడు, తొందరేం లేదు. పెద్దమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. వదినకు ఆరోగ్యంగా ఉన్నానని మాత్రం చెప్పు.

ప్రతి ఉత్తరంలోనూ ఆశీర్వదించమని అలవాటుగా రాసేస్తాను. ఈసారి అంతా చెప్పాకే అడుగుతున్నాను. ఈ చేతులతో పెట్టే నమస్కారం నీకు సహిస్తేనే ఆశీర్వదించు.

నీ చెల్లెలు
సుభద్ర