చెల్లి పరీక్ష ఫారం

నాన్నా, నేను ఆడిటింగ్ పరీక్ష రెండుసార్లు తప్పానని చెల్లిని ఫారమే నింపనివ్వకపోవడం అన్యాయం. ఈసారి పాసయ్యాను, గుండెల మీది బరువు దిగింది. ఇదివరకు ప్రశ్న సగం చదివి బట్టీపట్టిందంతా కక్కేదాన్ని. ఈసారి పావుగంట ఒక్క జవాబూ మొదలుపెట్టకుండా, అడిగిందేమిటో చూసి దాని కింద గీతలు గీసుకున్నాను. హాల్లో తిరిగే మేడమ్ "ఏమ్మా, కలానికి నోరు పడిపోయిందా?" అంది. "ముందు ప్రశ్న చెప్పేది వినాలి కదండీ" అన్నాను. తరువాత లెక్కలో తప్పు ఎక్కడ దూరుతుందో, దాన్ని ఎలా పట్టుకుంటానో, అంతవరకే రాశాను. ఈ కిటుకు చెప్పే దిక్కులేక రెండేళ్లు పోగొట్టుకున్నాను. చెల్లికి ఆ గతి వద్దు, నేను నేర్పుతాను. అమ్మ కంట్లో చుక్కలు వేస్తున్నారా? మీరు సంతకం పెట్టిన చెల్లి ఫారం ఇరవయ్యో తేదీలోగా నాకు చేరాలి. చేరకపోతే పనిచేస్తున్న గోదాములో సెలవు పెట్టి నేనే వస్తాను.