ఐడీ చివర ఎనభై ఎనిమిది

బెంటన్‌విల్,
12 అక్టోబర్ 2014.

గిరిజక్కకు,

తమ్ముడు జగన్మోహన్ నమస్కారాలు. రేణు, నేను కులాసాగానే ఉన్నాం. బావగారికి కూడా నమస్కారాలు చెప్పు; ఉత్తరం మాత్రం నువ్వొక్కదానివే చదువు. ఫోన్‌లో చెబుదామంటే పక్క గదిలో ఈషాన్ ఉంటాడు.

నీ కొడుకు ఇక్కడ కాలేజీలో చేరి మా ఇంట్లో ఉండబట్టి రేణుకి తోడుగా ఉంది. అడక్కుండానే గిన్నెలు కడుగుతాడు. నా కార్‌కి ఆయిల్ మార్పించుకొస్తాడు. అందుకే ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

పోయిన నెల వాడు నా ఆఫీస్‌కి ఒక మెయిల్ పంపాడు. కొత్త ఐడీ, చివర 88. పక్క సీట్లో ఉండే లెవిన్ అది చూశాడు. లెవిన్ యూదుడు. నా కాంట్రాక్ట్ పొడిగించమని మేనేజర్‌తో మాట్లాడింది అతనే. ఆ రోజు నుంచి నాతో లంచ్‌కి రావడం మానేశాడు. ఏమైందని అడిగితే, ఆ ఐడీ ఎవరిదన్నాడు. ఇంగ్లీషులో ఎనిమిదో అక్షరం హెచ్. రెండు హెచ్‌లంటే హిట్లర్‌కి జై కొట్టడమట. యూదులంటే పడనివాళ్లు ఇంటర్నెట్‌లో ఒకరినొకరు అలా గుర్తుపడతారట.

ఇంటికొచ్చి ఈషాన్‌ని అడిగాను. "జెర్సీ నంబర్, మామయ్యా" అన్నాడు. వాడు ఏ ఆటా ఆడడు. ఇంకో రోజు వాడి లాప్‌టాప్‌లో వంకర ముక్కుతో, డబ్బాశతో చేతులు నలుపుకుంటున్న మనిషి బొమ్మ కనబడింది; యూదుల్ని వెక్కిరించడానికి అలాగే గీస్తారట. ఇదేంట్రా అంటే, "జస్ట్ జోక్. మీరు ఎవ్రీథింగ్ సీరియస్ తీసుకుంటారు" అని మూత మూసేశాడు. రేణు నవ్వి, "సొంత మేనల్లుణ్ణి దొంగని చూసినట్టు చూస్తారేంటండీ" అంది.

ఇప్పుడు వాడు అన్నం తింటుంటే నేను వాడి ఫోన్ వైపు చూస్తున్నాను. నేను ఎటు చూస్తున్నానో వాడు చూస్తున్నాడు.

పదిమంది నవ్వితే తనూ నవ్వే రకం, అంతకు మించి ఏమీ లేదనుకుంటున్నాను. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ సెలవులకి వాడు మీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వే మాట్లాడు. లెవిన్‌కి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

నీ తమ్ముడు,
జగన్మోహన్

తా.క. మర్నాడు ఆఫీస్‌లో కవర్ అంటించబోతుంటే లెవిన్ వచ్చి ఒక వెబ్‌సైట్ చూపించాడు. ఈషాన్ ఐడీతోనే బొమ్మలున్నాయి. వాడు చూసేవి కావు, చేసేవి. చివరి బొమ్మలో ఉన్నది నేను. మా గృహప్రవేశం నాడు వచ్చినవాళ్లకి నమస్కారం పెడుతున్న ఫోటో. ముక్కు వంచి, జోడించిన చేతుల్ని నలుపుకుంటున్నట్టు మార్చాడు. కింద, "మా ఇంటి ఓనర్ యూదుడు" అని నా గురించి రాశాడు. ఏ ఊరని ఎవరో అడిగితే బెంటన్‌విల్ అని చెప్పాడు. థాంక్స్‌గివింగ్ దాకా ఆగొద్దు. ఆ ఫోటోలో నా పక్కన నువ్వున్నావక్కా. నిన్ను మాత్రం కత్తిరించి తీసేశాడు.