రెండు గుప్పెళ్ల ఉప్పు

అమ్మా లక్ష్మీదుర్గా, నీ మొగుడి నాయనమ్మను. ఈ ఎండలకు నీ ఒంట్లో ఎలా ఉందోనని దిగులుగా ఉంది. ఫోనులో అయితే ఇంట్లో వింటారని, రాయడం సరిగా రాకపోయినా రాస్తున్నాను.

కాపురానికొచ్చాక మొదటిసారి నీ చేత్తో ఆవకాయ పెట్టావు. మూడో రోజు తిరగగలిపి, ఉప్పు సరిపోయిందన్నావు. ఆ సాయంత్రం మీరిద్దరూ బండి మీద వాడరేవు వెళ్లారు. నాకు కుదురు లేదు. బూజు పడితే కొత్తకోడలికి మాటొస్తుందని భయపడి, జాడీలో ఇంకో రెండు గుప్పెళ్ల ఉప్పు వేసి కలిపాను. నీ మంచికేనమ్మా.

మిల్లులో స్నేహితులు భోజనానికొచ్చిన రోజు, "ఏరా శ్రీకృష్ణా, మీ ఆవిడ వాడరేవు సముద్రాన్ని జాడీకెత్తుకొచ్చిందా?" అని ఒకడు నవ్వాడు. మనవాడు అందరి ముందూ "మీ అమ్మ నేర్పింది ఇంతేనా?" అని నిన్నడిగి, జాడీ తీసుకెళ్లి మురిక్కాలవలో బోర్లించాడు. "నేను సరిగ్గానే వేశానండీ" అని నువ్వు ఏడుస్తుంటే నేను పక్కనే మజ్జిగ పోస్తున్నాను.

నువ్వు పుట్టింటికెళ్లి నెల దాటింది. తప్పు ఒప్పుకుంటేనే రమ్మంటున్నాడు. నిజం చెబుదామంటే వాడి కోపం నీకు తెలుసు. ఈ వయసులో నన్ను ఇంట్లో ఉండనిస్తాడా? నువ్వు చిన్నదానివి, నాలుగు రోజుల్లో మరిచిపోతావు. "ఉప్పు దగ్గర నా చెయ్యి జారిందండీ" అని వాడితో ఒక్క మాట అని వచ్చెయ్యమ్మా.

ఈ ఉత్తరం చదివి చించెయ్.