మూడో తరహా పెట్టెల వయసు

రేగడికుంట సైడింగు,
ఆదిలాబాద్ జిల్లా.
4 సెప్టెంబరు 1961

రవాణా ఆఫీసు పెద్దసారుకు రైలు పెట్టెలు కడిగే బాలమల్లు దండాలు.

సారూ, మా కార్మికుల రైలును గీ డిసెంబరుల తీసేస్తరని మేస్త్రీ చెప్పిండు. దాని వయసు అయిపోయిందట. ఎవరన్నరు గా మాట? మా ఊరోళ్లు నూట ఇరవై మంది రోజూ గా నాలుగు పెట్టెలల్లనే బొగ్గు బాయికి పోతరు. రైలు లేకుంటే ఆరు మైళ్లు నడవాలె. లేదంటే ఇండ్లు, జొన్న చేన్లు ఇడిచిపెట్టి కంపెనీ బారకులల్ల పడుండాలె. మేం పోం. రైలును పోనియ్యం. జర కాగితాలు మల్లోసారి సూసుకోండ్రి.

ఇట్లు,
బాలమల్లు

తా.క. ఇది రాసింది ఆయన బిడ్డ నర్మద. బాపు ఇంకా చానా అన్నడు. అవి రాసే మాటలు కావు, రాయలే.

రవాణా కార్యాలయం,
19 సెప్టెంబరు 1961

శ్రీ బాలమల్లు గారికి,

మీ లేఖ అందింది. మీ రైలులోని నాలుగూ మూడో తరహా చెక్కపెట్టెలు. ఈ తరహాకు నిర్ణయించిన ఆయుర్దాయం ముప్పై అయిదేళ్లు. అవి తయారైనది 1926లో. కనుక ఈ డిసెంబరు 31తో గడువు తీరుతుంది. బదులు పెట్టెలు మంజూరు కాలేదు. జపానులో భూమి కింద నడిచే రైళ్లను సైతం గడువు కాగానే పక్కన పెడతారని మా అధికారి పత్రికలో చదివారు. విషయం ఇంతటితో ముగిసింది.

భవదీయుడు,
దేవదాస్, గుమాస్తా

తా.క. రాయకూడని మాటలు రాయనందుకు నర్మద గారికి కృతజ్ఞతలు.

రేగడికుంట,
2 అక్టోబరు

దేవదాస్ సారుకు బాలమల్లు రాయించేది.

ముగిసిందని మీరు రాస్తే ముగుస్తదా? జపానుల రైలు భూమి కింద నడుస్తదా, మంచిదే. మా దగ్గర మనుషులు భూమి కింద నడుస్తరు. రైలునన్న పైన నడవనియ్యిండ్రి.

ఇగ వయసు ముచ్చట. 1926 కాదు, 1933. మనిషి వయసు తప్పువడితే పట్వారి కాగితమిస్తడు, డాక్టరు నోరు తెరిపిచ్చి పండ్లు సూస్తడు, పుస్తకంల దిద్దుతరు. పెట్టెలకెందుకు దిద్దరు? పట్వారి కాగితం పంపుతున్న, ఇరవై రెండు ఏలిముద్రలున్నయి. మీ డాక్టరును తోలుండ్రి. పెట్టెలకు పండ్లు లేవు గని తలుపులున్నయి. గుంజి సూసుకోమనుండ్రి.

ఇట్లు,
ఎనుకకు పోని బాలమల్లు

తా.క. పట్వారి పెట్టెలకు తండ్రి పేరు అడిగిండు. బాపు కంపెనీ పేరు చెప్పిండు. కులం కాడ ఇద్దరు కొట్లాడిండ్రు. ఆఖరుకు టేకు అని రాసిండ్రు.

రవాణా కార్యాలయం,
16 అక్టోబరు

శ్రీ బాలమల్లు గారికి,

పట్వారి ధ్రువపత్రాన్ని మా అధికారి రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివారు. పెట్టెల వయసు సవరించే ఫారం మా దగ్గర లేదు. ఉన్నది సిబ్బంది ఫారం ఒక్కటే. అది పంపుతున్నాను. దాన్ని చూశాకైనా మీరు విరమించుకుంటారని ఆశ. 1933 అనడానికి ఆధారమేమిటో కూడా తెలపండి.

భవదీయుడు,
దేవదాస్

తా.క. డాక్టరుగారు రానన్నారు.

రేగడికుంట,
28 అక్టోబరు

దేవదాస్ సారుకు,

ఫారం నింపినం. గుర్తులు: రెండో పెట్టె ఎడమ తలుపు మీద సుత్తె దెబ్బ. పెండ్లి: అయింది, ఇంజనుతోని. సంతానం: లేరు.

ఆధారం అడిగిండ్రు గదా. పెట్టెలు తయారైనంక ఏడేండ్లు బొంబాయి గోదాముల గోనెపట్టాలు కట్టి పడున్నయి. 1933ల ఈడికొచ్చినయి. పట్టాలు విప్పింది నేను, గ్రీజు తుడిచింది నేను. మడత ఇప్పని చీరె పాతదైతదా? నడిచిన నాటి సంది లెక్కవెట్టుండ్రి.

ఇట్లు,
బాలమల్లు

తా.క. సాక్షి గడిల నా పేరు, వయసు రాసిన. నర్మద, ముప్పై రెండు. ఆరోగ్యం గడిల బాపు చెప్పింది ఇది: పెట్టెలు నా కంటే మంచిగున్నయి.

రవాణా కార్యాలయం,
15 నవంబరు

శ్రీ బాలమల్లు గారికి,

మీ వాదన మా అధికారికి నచ్చింది. నియమం చూస్తే, ఆయుర్దాయం మొదట నడిచిన రోజు నుంచే లెక్కించాలి. 1968 వరకు పొడిగిస్తూ ఉత్తర్వు తయారు చేయించారు. సంతకమే మిగిలింది. అయితే గోదాము కాగితాలు దొరకలేదు. ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం చాలు గాని, ఆనాటికి సాక్షికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. మీ సర్వీసు పుస్తకం ప్రకారం మీరు పుట్టింది 1918లో. 1933లో మీకు పదిహేనేళ్లు. మీ సాక్ష్యం చెల్లదు. అప్పటివారు మరెవరైనా ఉంటే తెలపండి.

భవదీయుడు,
దేవదాస్

తా.క. అదే పుస్తకం ప్రకారం నర్మద గారు పుట్టేనాటికి మీకు పదకొండేళ్లు. ఈ సంగతి అధికారికి నేను చెప్పలేదు. యాభై అయిదు దాటినవారిని కంపెనీ వెంటనే ఇంటికి పంపుతుంది. జాగ్రత్తగా ఆలోచించి జవాబు రాయండి.

రేగడికుంట,
24 నవంబరు

దేవదాస్ సారుకు బాలమల్లు దండాలు.

అప్పటోళ్లు గంగయ్య, హనుమండ్లు. ఇద్దరు సచ్చిపోయిండ్రు. మిగిలింది నేనే.

రాసుకోండ్రి. నేను పుట్టింది 1905. గోనెపట్టాలు విప్పిననాడు నాకు ఇరవై ఎనిమిదేండ్లు. కొత్త పుస్తకాలు తెరిచిననాడు అందరు వయసు తక్కువ రాయించుకున్నరు. నాకు పండ్లు మంచిగుండె, జర ఎక్కువనే తగ్గించుకున్న. గా పుస్తకం నమ్ముకుంటే ఇంకో పన్నెండేండ్లు నా నౌకరి ఉంటది, ఊరు ఉండది. నాకు భయం లేదు. నా వయసుకు సుత పట్వారి కాగితం జతపరిచిన. నన్ను ఇంటికి తోలుండ్రి, రైలును బాయికి తోలుండ్రి. పెద్దసారు సంతకం ఆలస్యం చేస్తే నేనే వచ్చి ఎదురుంగ కూసుంట.

ఇట్లు,
యాభై ఆరేండ్ల బాలమల్లు

తా.క. సారూ, వద్దని నేను ఏడ్సిన. బాపు వినలే. జనవరి ఒకటి నాడు కిటికీ పక్కన కూసోని బాయి దాక పోయొస్తడట. ఇరవై ఎనిమిదేండ్లు కడిగిండు గని గా పెట్టెలల్ల ఒక్కనాడు కూసోలేదట. ఎవరన్న లేవమంటే మీ పేరు చెప్తడట.