పదిహేనుంపావు సెకన్లు

హామ్‌ట్రామ్‌క్,
జూన్ 4, 1979

ఓడ మీద ఊరేగుతున్న క్లెటస్‌కి, నూనెలో మునిగి తేలుతున్న వెర్నా రాస్తున్నది.

నీ బండిని మీ అమ్మ షెడ్డులోంచి బయటికి తెచ్చాను. తెచ్చాను అంటే నెట్టాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుక కాపురం పెట్టింది. మీ అమ్మ ప్రార్థనల పుస్తకంలోంచి పదకొండు పేజీలు పట్టుకెళ్లి పరుపు చేసుకుంది. కానీ ఒకటి ఒప్పుకోవాలిరా. ఎనిమిది సిలిండర్లలో ఆరే పలికినా, దాని గొంతు విని నా ఒళ్లు జలదరించింది. పదేళ్ల బండి, తుప్పు పట్టిన తలుపులు, అయినా ఆ గొంతు.

ఇక అసలు సంగతి. ఇంజను పరీక్ష గదికి మార్చమని మా ఫోర్‌మన్ హాల్‌బర్గ్‌ని మూడోసారి అడిగాను. నాలుగేళ్లుగా ఫ్యాక్టరీ లైను మీద ఇంజన్లలోకి క్రాంక్‌షాఫ్టులు ఎత్తి పెడుతున్నాను. ఆ గదిలో వాళ్లు చెవి పెట్టి వినే చప్పుళ్లు నాకు గోడ ఇవతలి నుంచే తెలుస్తాయి. ఆయన అందరి ముందూ నవ్వాడు. "లైబ్రరీ పుస్తకాల్లో ఇంజన్లు నేర్చుకున్నదానివి, పోయి లైబ్రరీలోనే చేరు" అన్నాడు.

నాకు మండింది. సెప్టెంబరు చివరి ఆదివారం పావు మైలు పందెంలో నువ్వూ ఆయనా ఇద్దరూ దిగుతున్నారు కదా. నేను బాగుచేసిన బండి ఆయన బండిని కొడితే బదిలీ కాగితం మీద సంతకం పెట్టాలన్నాను. సరేనన్నాడు. ఓడితే మాత్రం జన్మలో మళ్లీ అడగకూడదట. లైనంతా సాక్ష్యం.

అంటే నా గది నీ బండి చేతిలో ఉంది. ఏమేం చెయ్యాలో రాయి.

ఇట్లు,
ఇంకా కోపం దిగని
వెర్నా

తా.క. ఎలుకను మూడు వీధుల అవతల వదిలాను. మర్నాటికి తిరిగొచ్చింది. అది బండితో పాటు వచ్చిన సామానేనంటుంది మీ అమ్మ.


సుపీరియర్ సరస్సు మీద నుంచి,
జూన్ 16

వీధి మొత్తానికీ భయమైన వెర్నాకి, క్లెటస్ దూరం నుంచి, అంటే క్షేమంగా, రాస్తున్నది.

డెట్రాయిట్ నదిలో తపాలా పడవ పక్కకు రాగానే తాడు కట్టిన బకెట్ దించాం. అందులో నీ ఉత్తరం వచ్చింది. నీ చేతుల మీద నాకున్న నమ్మకం నేను పనిచేసే ఈ సరుకుల ఓడ మీద కూడా లేదు. కాబట్టి భయం లేకుండా చెబుతున్నాను. ప్లగ్గులు మార్చు, ఆయిల్ మార్చు, టైమింగ్ సరిచెయ్యి. అంతే.

నా బండి పావు మైలును పదిహేనుంపావు సెకన్లలో పరిగెత్తుతుంది. ఎండలోనైనా, మబ్బులోనైనా, నేను జ్వరంతో నడిపినా పదిహేనుంపావే. దాన్ని అక్కడే ఉంచు. ఆ అంకె మీద చెయ్యి పడనివ్వకు.

నీ నేస్తం
క్లెటస్

తా.క. మా వంటవాడు వారంగా బీన్స్ పెడుతున్నాడు. ఓడ గాలికి పోతోందో దేనికి పోతోందో ఎవరికీ తెలియదు.


హామ్‌ట్రామ్‌క్,
జులై 9

పదిహేనుంపావు దొరగారికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు పెద్దమనసుతో రాశావని అర్థమైంది. ఎక్కువ పని చెబితే నాకు చేతకాదేమోనని భయపడ్డావు. నాకు జాలి అక్కర్లేదు క్లెటస్.

పాత సామాన్ల కొట్లో చితికిపోయిన పోలీసు కారు కనబడింది. ఇంజనుకి రెట్టింపు పెట్రోలు పోసే దాని నాలుగు నోళ్ల కార్బ్యురేటర్ ఊడదీసుకొచ్చి నీ బండికి పెట్టాను. సరిగ్గా కూర్చోలేదు. దానికీ ఇంజనుకీ మధ్యలో పెట్టే పలకను మూడు రోజులు ఆకురాయితో గీసి కూర్చోబెట్టాను. నిన్న ఫ్యాక్టరీ వెనక రోడ్డు మీద పావు మైలు కొలిచి పరిగెత్తించాం. గడియారం మీ అమ్మ పట్టుకుంది. పద్నాలుగున్నర.

నా పనిని నేనే పొగుడుకోకూడదు కానీ, దిగి ఆ ఇంజను పక్కన కాసేపు ఊరికే నిలబడ్డాను. హాల్‌బర్గ్ బండికి పదహారు పడుతుందట. ఇంకేముంది, కాగితం నాదే.

ఇట్లు,
చేతనైన
వెర్నా

తా.క. మీ అమ్మ కళ్లు మూసుకుని గడియారం నొక్కింది. అయినా సరిగ్గానే నొక్కింది. మూడుసార్లు సరిచూశాను.


హ్యూరన్ సరస్సు,
జులై 21

వెర్నా,

ఆ కార్బ్యురేటర్ తీసెయ్యి. ఈ రోజే తీసెయ్యి. చేతగాదని కాదే తల్లీ, చేతనవుతుందనే నా భయం. బండి వేగం పెరిగితే మన కొంప మునుగుతుంది. హాల్‌బర్గ్ ఐదేళ్లుగా ఎలా గెలుస్తున్నాడో నీకు తెలియనిదా? నేను వేరే చెప్పాలా?

నా మాట విను. పదిహేనుంపావు.

క్లెటస్

తా.క. నువ్వు రాసినదాన్ని బట్టి ఆ పలక అద్భుతంగా కుదిరి ఉంటుంది. చూడాలనుంది. చూశాక తీసెయ్యాలనుంది.


హామ్‌ట్రామ్‌క్,
ఆగస్టు 13

శ్రీ క్లెటస్ బౌమన్ గారికి,

వేగం పెరిగితే కొంప మునుగుతుందా? పందెంలోనా? నేను మూర్ఖురాలిననుకున్నావా? పన్నెండు రోజులు ఆలోచించాను. ఒక్క అర్థమే తోచింది. హాల్‌బర్గ్ నీకేం పెట్టాడు? చలికాలం ఓడలు ఆగాక ఫ్యాక్టరీలో పనిస్తానన్నాడా? చిన్నప్పటి నుంచి ఒకే మెట్ల మీద కూర్చుని పెరిగాం. నా గదిని అమ్ముకుంటావనుకోలేదు.

అందుకే ఇంజను విప్పాను. వాల్వులను ఎత్తే క్యామ్‌షాఫ్ట్ తీసేసి ఇంకా ఎత్తుగా లేపేది వేశాను. ఇప్పుడది ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా గుర్రుమంటుంది. మీ వీధి చివర పాస్టర్ గారు ప్రసంగం ఆపి కిటికీలు మూయించాడట. పద్నాలుగు సెకన్లు. పాయింటు సున్నా సున్నా.

పాత షాఫ్టు కోసం వెతక్కు. కొత్తదానికి బదులుగా కొట్టువాడికి ఇచ్చేశాను. వాడు కరిగించేశాడు.

ఇట్లు,
వెర్నా పిలార్స్కి

తా.క. మీ అమ్మ ఇప్పుడు కళ్లు తెరుచుకునే నొక్కుతోంది. ఇంకోసారి పోదామంటోంది.


సూ జలద్వారాల దగ్గర,
సెప్టెంబరు 8

నా మీద ఉమ్మేసిన నేస్తానికి, ఉమ్ము తుడుచుకుని క్లెటస్ రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి ముందు కోపమొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత తల గోడకేసి కొట్టుకున్నాను. ఇనుప గోడ. తప్పు నాది. ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు కదా అని చెప్పలేదు. ఆదివారాలు నువ్వు లైబ్రరీలో ఉంటావు, పందెం మైదానం మొహం చూడలేదు. ఆ మాట మర్చిపోయాను.

విను. ఇది ముందొచ్చినవాడు గెలిచే పందెం కాదు. తన బండికి ఎన్ని సెకన్లు పడుతుందో ప్రతివాడూ ముందే చెప్పాలి. ఆ అంకెను తెల్ల బూటు పాలిష్‌తో అద్దం మీద రాస్తారు. నెమ్మది బండిని ఆ తేడా మేరకు ముందు వదులుతారు. ఇద్దరూ తమ అంకెలకు సరిగ్గా పరిగెత్తితే ఇద్దరూ ఒకేసారి గీత దాటాలి. ఎవడు ముందు దాటితే వాడు గెలిచినట్టు. కానీ నీ అంకె కంటే తక్కువ సమయంలో వచ్చావనుకో, అబద్ధం చెప్పినట్టు లెక్క. అక్కడే ఓటమి. హాల్‌బర్గ్‌ది చెత్త బండి. కానీ పదహారంటే పదహారే. అదీ వాడి విద్య.

మన అంకె మే నెలలోనే ఇచ్చాను. ఈ మైదానంలో మార్చనివ్వరు. పదిహేనుంపావు. నువ్వు పని ఎంత బాగా చేస్తే మనం అంత ఘోరంగా ఓడతాం. నువ్వేమో నేను చూసినవాటిలో అన్నిటికంటే బాగా చేశావు.

ఇంకొకటి. ఇక్కడ పొగమంచు పట్టి పద్దెనిమిది ఓడలు వరుసలో నిలబడ్డాయి, మా రాకపోకలన్నీ వెనకబడ్డాయి. నేను ముప్పయ్యో తారీఖుకి రాలేను. పందెంలో రాసుకున్న పేరు బండిది, నడిపేవాడు ఎవరైనా ఫరవాలేదు. నువ్వే నడపాలి.

నీ
క్లెటస్

తా.క. చలికాలం ఫ్యాక్టరీలో పనిమ్మని హాల్‌బర్గ్‌ని నేనే అడిగాను, పోయినేడు. ఇవ్వలేదు.


హామ్‌ట్రామ్‌క్,
సెప్టెంబరு 17

క్లెటస్‌కి,

క్షమించు. ఈ మాట ఇంతకంటే పెద్దగా రాయడం నాకు రాదు.

ముప్పావు మార్గం కాలు ఎత్తి నెమ్మదిగా పోనిచ్చి చూశాను. ఒకసారి పదహారు, ఒకసారి పదిహేను, ఒకసారి మీ అమ్మ "ఆగావా ఏంటమ్మాయ్?" అని అడిగింది. లాభం లేదు. నా కాలికి అబద్ధం రాదు.

లెక్కలు వేశాను. గేర్ల పళ్లు లెక్కపెట్టాను. రెండో గేరు దాటకుండా, కాలు పూర్తిగా నొక్కి చివరిదాకా పోతే ఇంజను ఒక స్థాయి దగ్గర ఇక తిరగలేక కేకలు పెడుతుంది, కానీ వేగం పెరగదు. నిన్న ఆరుసార్లు పరిగెత్తించాను. పదిహేనుంపావు, లేదా దానికి ఓ వెంట్రుక ఎక్కువ. ఆరుసార్లూ.

ఇంజను బద్దలవ్వచ్చు, బండి నీది. చెయ్యనా? చెప్పు.

వెర్నా

తా.క. ఆ కేక మీ అమ్మకు కూడా నచ్చలేదు.


సెప్టెంబరు 24

వెర్నా,

చెయ్యి.

క్లెటస్

తా.క. ఇది రాసే ముందు డెక్కు మీద అరగంట నడిచాను.


హామ్‌ట్రామ్‌క్,
అక్టోబరు 2

నీళ్ల మీద ఊపిరి బిగబట్టుకున్న క్లెటస్‌కి, వెర్నా రాస్తున్నది. ఇప్పుడు వదులు.

హాల్‌బర్గ్, నేను చివరి జతలో పడ్డాం. ఆయన అద్దం మీద 16.00, నా అద్దం మీద 15.25. ఆయన్ని ముప్పావు సెకను ముందు వదిలారు. పచ్చ దీపం వెలగ్గానే నేను బయల్దేరాను. ఒకటో గేరు. రెండో గేరు. ఆ పైన కుడిచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను, లేకపోతే అది దానంతటదే మూడో గేరు వేసేది. ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకున్నాను. నీ ఇంజను అరిచిన అరుపు నీ ఓడదాకా వినబడలేదంటే ఆశ్చర్యమే. నట్లు ఊడి ఒళ్లో పడతాయనుకున్నాను. ఒక్కటీ ఊడలేదు. ఆ ఇంజను ఎంత గట్టిదిరా, దాన్ని కట్టినవాళ్లు మా లైను మీద ఎప్పుడో ఎక్కడో నిలబడి ఉంటారు, వాళ్ల చేతులకు దండం పెట్టాలనిపించింది.

హాల్‌బర్గ్ గీత దాటాడు. రెండు బండ్ల పొడవు ముందు. నాకంటే ముందే.

అవతల బండి ఆపి లోపలే కూర్చున్నాను. ఇక జన్మలో అడగకూడదు కదా, ఇంకో నలభై ఏళ్లు ఎన్ని క్రాంక్‌షాఫ్టులు ఎత్తాలో లెక్కవేస్తున్నాను. అప్పుడు మైకులో అంకెలు చదివారు. నేను రాసింది పదిహేనుంపావు, వచ్చింది పదిహేనున్నర. బెదిరి మెల్లగా కదిలాను, ఆ పావు సెకను అక్కడే పోయింది. ఆయన రాసింది పదహారు.

వచ్చింది పదిహేనుముప్పావు.

ఐదేళ్లలో మొదటిసారి తన అంకె కంటే ముందొచ్చాడు. అంటే ఓడింది ఆయనే. ఎప్పుడూ గీత దగ్గర కాలు కాస్త ఎత్తి సరిగ్గా అంకె మీద దిగే మనిషట. ఈసారి ఎత్తలేదు.

నిన్న పొద్దున లైను దగ్గరకి తనే వచ్చాడు. లైనంతా పని ఆపింది.

"వెనకనుంచి కొండ కూలి మీద పడుతున్నట్టు వస్తుంటే ఎవడు కాలు ఎత్తుతాడు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నిజానికి అది ఎంతలో పోతుంది?" అని అడిగాడు.

పద్నాలుగులో అన్నాను.

"మరెందుకు పోలేదు?"

పదిహేనుంపావు అని మాటిచ్చాం కదా అన్నాను.

కాగితం ఇమ్మన్నాడు. నాలుగు నెలలుగా జేబులోనే ఉంది, నూనె మరకలతో ఇచ్చాను. బదిలీకి కారణం రాయడానికి అందులో ఒక గడి ఉంది. నేను గెలిచానని రాయమన్నాను. "నువ్వు గెలవలేదు. నేను భయపడ్డాను. అది రాయను" అన్నాడు. క్రాంక్‌షాఫ్టు మీద కాగితం పెట్టి ఏదో రాసి, సంతకం చేసి, నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

"ఇంజను తెలిసిన మనిషి" అని రాశాడు.

ఎక్కడో ఒక వెటకారం ఉంటుందని వెతికాను. కోప్పడడానికి ఏమీ దొరకలేదు. ఇంటికి నడుస్తూ దారిలో రెండుసార్లు ఆగి మళ్లీ చదివాను.

సోమవారం నుంచి పరీక్ష గదిలో,
నీ వెర్నా

తా.క. ఈ ఉత్తరంలో గేరుబాక్సు మాట ఎక్కడా ఎత్తలేదని గమనించావా? గమనించకు.