ఆగిన కారుకు అరవై శాతం

మంగళవారం రాత్రి, కిషన్‌బాగ్

తెలిసిన చేదు నిజాన్ని మనవాళ్లకు చెప్పకపోవడం ప్రేమా, పిరికితనమా? అమ్మకు ఆమె జబ్బు పేరు చెప్పకుండా నాన్న దాచిన నాటి నుంచి ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఇప్పుడు నా వంతు వచ్చింది.

మా ఆయనకు చూపు ఇక తిరిగి రాదని పొద్దున డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. సాయంత్రం వాకిట్లో కారుకు చార్జింగ్ పెడుతుంటే, ఆయన గోడ పట్టుకుని వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఎంతుంది?"

"నలభై."

"అరవై కాంగనే తీసెయ్. నిండుగ పెట్టి నిలబెడితే బ్యాటరీ ఖరాబైతది. నా కండ్లు మంచిగయ్యేదాక అది సల్లగుండాలె."

పక్కింటి యూసుఫ్ భాయ్ గోడ అవతలి నుంచి అందుకున్నాడు. "భాభీకి నేర్పియ్ భాయ్, ఆమెనే నడుపుతది!"

"నడపనియ్. ఫికర్ నాకు గాదు, నీ గోడకు!"

ముగ్గురం నవ్వాం. పొద్దున విన్నది బయటపడకూడదని నేను ఎక్కువే నవ్వాను.

భోజనాలయ్యాక అరవై అయింది. ప్లగ్ తీశాను. ఆయన తడుముకుంటూ వెళ్లి బానెట్ తుడిచాడు. దుమ్ము పోయిందా అని అడిగితే పోయిందన్నాను. పోలేదు.

వచ్చే వారం మళ్లీ ఎంతుందని అడుగుతాడు. అంకె చెబుతాను. మిగతాది చెప్పాలో వద్దో నాకింకా తేలడం లేదు.